తడి నూలు లేని పూట

హుమేరా ఏం పరిశోధన చేస్తోందో ఆరేళ్ళుగా ఆమె ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "ట్రాఫిక్ కంట్రోల్ మీద పెద్ద చదువు చదువుతాంది" అని తండ్రి ఫకీర్ మహమ్మద్ హనుమకొండలో తన కుట్టుమిషన్ ముందు కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. వాళ్ళు ఆ పిల్ల పోలీసు శాఖలో చేరిందనుకుని సంతోషపడి వెళతారు. ఆయన కూడా వాళ్ళ సంతోషానికి అడ్డురాడు.

అంత తప్పు కూడా కాదు. ట్రాఫిక్కే, కాకపోతే కంటికి కనబడదు. ఫోనులో మనం పంపే బొమ్మయినా, వీడియో అయినా ఒక్క ముద్దగా పోదు. చిన్న చిన్న ముక్కలై పోతుంది. ప్రతి ముక్కకూ అవతలి నుంచి 'అందింది' అని జవాబు రావాలి. రాలేదంటే, దారిలో రద్దీ ఎక్కువై నా ముక్క తోపులాటలో పోయింది కాబోలనుకుని పంపే యంత్రం తన వేగాన్ని సగానికి తగ్గించుకుంటుంది. తీగల కాలంలో పుట్టిన మర్యాద అది. తీగల్లో అదే న్యాయం కూడా. గాలిలో పోయే వైఫైకి మాత్రం ఆ మర్యాదే ప్రాణాంతకం. గాలిలో ముక్కలు ఊరికే పోతాయి. కొమ్మ ఊగినా పోతాయి, వాన పడినా పోతాయి. దారంతా ఖాళీగా పడి ఉన్నా యంత్రం మాత్రం ఎవరికో దారి ఇస్తున్నట్టు సగానికి, పావుకు, అరపావుకు తగ్గుతూ కూర్చుంటుంది. ఎదుటివాడు 'నెట్ స్లో' అని తిట్టుకుంటాడు.

హుమేరా పద్ధతి పోయిన ముక్కల్ని చూసి బెదిరిపోదు. వచ్చిన జవాబులు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో కూడా చూస్తుంది. నిజంగా రద్దీ ఉంటే జవాబులు ముందునుంచే ఒకదాన్ని మించి ఒకటి ఆలస్యమవుతాయి. జవాబులన్నీ వేళకు వస్తూ మధ్యలో ఒకటి మాయమైందంటే అది గాలి చేసిన అల్లరి. దానికి వేగం తగ్గక్కర్లేదు, పోయిన ముక్కను మళ్ళీ పంపితే సరిపోతుంది.

వినడానికి ఎంత తేలికగా ఉందో, ఒప్పించడం అంత కష్టమైంది. రెండుసార్లు కమిటీ ముందు నిలబడింది, రెండుసార్లూ ఒకటే మాట. "కంప్యూటర్లో ఊహించుకున్న గాలిలో అందరి పద్ధతులూ గెలుస్తాయమ్మా. నిజం గాలిలో చూపించు." గడువు రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించరు. ఈ నెలాఖరులోగా బయటినుంచి వచ్చే పరీక్షకుడు కళ్ళారా చూసి సంతకం పెడితే థీసిస్ సమర్పించుకోవచ్చు. పెట్టకపోతే ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

నిజం గాలి ఆమెకు కొత్తవాడలో దొరికింది. అక్కడి జంపఖానాల నేత సంఘానికి రోడ్డు మీద ఆఫీసు ఉంది. రెండు సందుల వెనక నేత షెడ్డు ఉంది. ఇంటర్నెట్ ఆఫీసు వరకే వస్తుంది. అక్కడినుంచి షెడ్డుకు వైరు లాగితే కోతులు తెంపాయి. మళ్ళీ లాగితే ఈసారి వైరు పట్టుకుని ఊగి తెంపాయి. చివరికి రెండు మిద్దెల మీద రెండు తెల్ల వైఫై డబ్బాలు ఎదురెదురుగా బిగించి గాలిలోనే కలిపారు. షెడ్డు చుట్టూ ఉన్న వాడకట్టు ఫోన్లన్నీ కూడా ఆ దారి మీదే నడుస్తాయి. కోతులు ఓడిపోయాయి గానీ నెట్ మాత్రం బాగుపడలేదు. పొద్దున బాగుంటుంది, పది దాటితే ఆగిపోతుంది. సాయంత్రం మళ్ళీ బాగుంటుంది. బాగుచేసేవాడు వచ్చి డబ్బాలు మార్చి పోయాడు, ఏం లాభం లేదు.

ఎందుకో హుమేరా మూడు రోజుల్లో పట్టేసింది. రెండు డబ్బాలకు సరిగ్గా మధ్యన సమ్మమ్మ మిద్దె ఉంది. సమ్మమ్మ నలభై ఏళ్ళుగా సంఘానికి నూలుకు రంగులేసే మనిషి. పదింటికి మరిగే రంగు కాగులోంచి తీసిన నూలు చిలపలు, ఒక్కొక్కటి జానెడు మందాన, నీళ్ళు కారుతూ వెదురు బొంగుల మీద వేలాడుతాయి. గాలికి అటు ఊగితే డబ్బాకు దారి దొరుకుతుంది, ఇటు ఊగితే మూసుకుపోతుంది. తడి నూలు దాటి ముక్కలు పోలేవు. యంత్రం దాన్ని రద్దీ అనుకుంటోంది.

ఆ మాట విన్నరోజు సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం చాలాసేపు నవ్వాడు.

"ఒక పోగు తెగితే ముడేసి మల్ల నేస్తం బిడ్డా. పోగు తెగిందని నేసుడు సగం జేస్తమా? మీ యంత్రానికి గంత తెలివి గూడ లేదా?"

"లేదు కాకా. నేను నేర్పిస్తాన."

ఆమె ఆరేళ్ళ చదువును అంత చక్కగా అర్థం చేసుకున్న మొదటి మనిషి వెంకట్రాజం. ఆ సాయంత్రం బస్సులో నిలబడి హనుమకొండ వెళుతూ ఆమె తనలో తనే నవ్వుకుంది.

రెండు నెలలు అక్కడే పరీక్షలు చేసింది. నూలు ఊగుతుండగా ఒక నేత వీడియోను షెడ్డు నుంచి ఆఫీసుకు పాత పద్ధతిలో పంపితే ఐదారు నిమిషాలు, తన పద్ధతిలో పంపితే నిమిషం చిల్లర. రోజూ ఇదే లెక్క. ఇక పరీక్షకుణ్ణి పిలవడమే తరువాయి. కోస్తా వైపు కాలేజీలో పనిచేసే ప్రొఫెసర్ చంద్రమౌళి వస్తారని ఉత్తరం వచ్చింది. మనిషి నిక్కచ్చి అనీ, ముఖం చూసి మార్కులు వేసే రకం కాదనీ ముందే తెలిసింది. "గురువారం పొద్దున పెద్ద సార్ వస్తరు కాకా. ఆయన చూసి సరే అంటేనే నా చదువు ఒడ్డుకు చేరుతది" అని వెంకట్రాజానికి చెప్పి వెళ్ళింది.

ఆమె చేసిన పొరపాటల్లా అంతవరకే చెప్పి ఊరుకోవడం.

గురువారం పదిన్నరకు చంద్రమౌళిని ఆటోలో తీసుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడాయన. నాలుగింటికి కాజీపేటలో రైలుందని ఆటోలోనే రెండుసార్లు చెప్పాడు. సందు మొదట్లోకి రాగానే హుమేరాకు ఏదో తేడాగా అనిపించింది. వాకిళ్ళన్నీ కడిగి ఉన్నాయి. షెడ్డు ముందు కొత్త జంపఖానా పరిచి ఉంది. వెంకట్రాజం తెల్ల ధోవతి కట్టుకుని, మెడలో కండువా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మగ్గాల దగ్గర ఒక్క ఫోనూ మోగడం లేదు. ఆమె హడావిడిలో దాన్ని అంతగా పట్టించుకోలేదు.

షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని, చంద్రమౌళి పక్కన నిలబడి చూస్తుండగా, పాత పద్ధతిలో వీడియో పంపింది. యాభై రెండు సెకన్లు. హుమేరా కళ్ళు నులుముకుంది. తన పద్ధతిలో పంపింది. యాభై ఒకటి. మళ్ళీ పంపింది. యాభై ఒకటి, యాభై రెండు.

"రెండూ ఒకటే కదమ్మా?" అన్నాడు చంద్రమౌళి. గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. అదే ఇంకా భయంగా ఉంది.

తెర మీద అంకెలు చూస్తే ఒక్క ముక్క కూడా పోలేదు. గాలి గంగాజలంలా ఉంది. రెండు నెలల్లో ఒక్కరోజూ ఇలా లేదు. "ఒక్క నిమిషం సార్" అని చెప్పి హుమేరా చున్నీ నడుముకు చుట్టి, షెడ్డు మెట్లెక్కి మిద్దె మీదికి పరుగెత్తింది. ఎదురుగా సమ్మమ్మ మిద్దె బోడిగా ఉంది. వెదురు బొంగులు కూడా విప్పి గోడకు ఆనించారు. నీలాకాశం తప్ప రెండు డబ్బాల మధ్య ఏమీ లేదు.

"కాకా! నూలేది?"

కింద నిలబడిన వెంకట్రాజం తలెత్తి, సన్మానం అందుకునేవాడిలా నవ్వాడు. "తీపిచ్చినం బిడ్డా! నిన్ననే తీపిచ్చిన. పెద్ద సారొస్తాండంటివి గద! సమ్మక్క కాగు గూడ ముట్టియ్యలే ఇయ్యాల. వాడకట్టు మొత్తం ఫోన్లు బంద్ వెట్టిచ్చిన. నీ యంత్రానికి ఒక్కడు అడ్డం రాడు. ఏం ఫికర్ జెయ్యకు!"

ఆయన తప్పు లేదు. ఆ సంఘంలో నలభై ఏళ్ళుగా నడిచేది అదే. తనిఖీకి అధికారి వస్తున్నాడంటే తెగిన నూలు దాచేస్తారు, రంగు మరకలు కడిగేస్తారు, ఉన్నవాటిలో మంచి జంపఖానా పరుస్తారు. వచ్చినాయన శుభ్రం చూసి, చాయ్ తాగి, సంతకం పెట్టి పోతాడు. పరీక్ష అంటే అదేనని వాళ్ళ లెక్క. జబ్బును దాచిపెట్టి వైద్యుడికి రోగిని చూపించినట్టయింది.

హుమేరాకు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, రెండూ మింగుకుని కిందికి దిగింది. ఏదో సాకు చెప్పి ఇంకోరోజుకు వాయిదా వేయించుకోవచ్చా అని మెట్టు మెట్టుకూ ఆలోచించింది. ఇంకోరోజు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"సార్, రోజూ ఈ దారిలో తడి నూలు ఆరేస్తారు. దానివల్లే ముక్కలు పోతాయి. ఇవాళ మీరు వస్తున్నారని, నాకు మంచి జరగాలని, మొత్తం తీసేశారు. అడ్డం లేని దారిలో రెండు పద్ధతులూ ఒకటే సార్. అడ్డం ఉంటేనే నాది పనిచేస్తుంది."

చంద్రమౌళి ఆమెనూ, కడిగిన వాకిలినీ, కండువా మనిషినీ మార్చి మార్చి చూశాడు. ఆయన పెదవి ఒక చివర వంకర తిరిగింది. అది నవ్వేనని తర్వాత గానీ తెలియలేదు.

"నేను ముప్ఫై ఏళ్ళుగా పరీక్షలు చేస్తున్నాను. ఫలితం బాగా రావాలని అడ్డాలు తీసేసినవాళ్ళనే చూశాను. అడ్డాలు తీసేశారని ఏడ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. సరే, రోజూ ఎలా ఉంటుందో అలా పెట్టమనండి. రెండు గంటలు కూర్చుంటాను."

ఆ మాట వెంకట్రాజానికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఆయన నెత్తి కొట్టుకున్న చప్పుడు సందు చివరిదాకా వినపడింది.

"ఓ సమ్మక్కా! కాగు ముట్టియ్యి! బొంగులు కట్టుర్రి! జర జల్ది!"

ఆ తర్వాత కొత్తవాడలో జరిగింది చూసితీరాలి. పెళ్ళివారు దిగారన్నా అంత గత్తర ఉండదు. ఒకరు కట్టెలు తెచ్చారు, ఒకరు నీళ్ళు మోశారు, ధోవతి పైకెగ్గట్టి వెంకట్రాజమే మిద్దెక్కి బొంగులు కట్టాడు. హుమేరా సమ్మమ్మ దగ్గరికి పరుగెత్తి, "రంగెందుకు పెద్దమ్మా, ఉత్త నీళ్ళల్ల ముంచి ఆరేస్తే సాలు" అంది. సమ్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఉత్త నూలు నా మిద్దె మీద ఆరేస్తె వాడకట్టోల్లు నవ్వరా? సమ్మమ్మకు రంగు కరువైందంటరు. నువ్వు వోయి నీ కంప్యూటర్ జూస్కో. నా పని నాకెరికే."

పన్నెండున్నరకల్లా ఎర్రటి చిలపలు నీళ్ళు కారుతూ బొంగుల నిండా వేలాడాయి. గాలి కూడా మనసున్నదానిలా వీచింది. చంద్రమౌళి తనే సమ్మమ్మ మిద్దె మీదికి వెళ్ళి, చిలపల కిందినుంచి వంగి నడిచి, రెండు డబ్బాలకూ మధ్య అవి నిజంగా అడ్డమేనా అని చూసి వచ్చాడు. తర్వాత పరీక్ష మళ్ళీ మొదలైంది. పాత పద్ధతిలో ఐదు నిమిషాల నలభై సెకన్లు. హుమేరా పద్ధతిలో నిమిషం పది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. మగ్గాల దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. వెంకట్రాజం మీసం దువ్వాడు.

చంద్రమౌళి మాత్రం కాగితం బయటికి తీయలేదు.

"ఇది సగమే," అన్నాడు. "ముక్కలు పోయినా లెక్కచేయకుండా దూసుకుపోవడం మొండివాడు కూడా చేస్తాడు. వాడివల్ల పక్కవాళ్ళ పని ఆగిపోతుంది. నిజంగా రద్దీ ఉన్నప్పుడు నీ పద్ధతి పక్కకు జరుగుతుందా? ఇదే నూలు, ఇదే గాలి. అది నాకు చూపించు."

కంప్యూటర్ లోపలి ఊహాగాలిలో హుమేరా పద్ధతి అలా పక్కకు జరిగింది. పది ఫోన్లతో ఇక్కడా జరిగింది. వాడకట్టు మొత్తం ఒక్కసారి దారికి అడ్డం పడితే, పైన తడి నూలు కూడా ఊగుతుంటే, ఏది గాలో ఏది రద్దీయో దానికి తెలుస్తుందా? ఆమెకే తెలియదు. తెలియదని ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

"ఇంతమందితో ఎప్పుడూ చూడలేదు సార్. ఇప్పుడు చూద్దాం."

వెంకట్రాజం కండువా దులిపి వీధిలోకి వెళ్ళాడు. పొద్దున్నే ఫోన్లు మూయించినాయన ఇప్పుడు తెరిపించాడు. "అందరు ఒక్కపారే సూడుర్రి! ఎవలకిష్టమైంది ఆల్లు!" తిండి వేళ కావడంతో అంతకంటే మంచి ఆజ్ఞ ఎవరూ ఎరగరు. సీరియళ్ళు, క్రికెట్టు, వంటలు, ఎవరిదో పెళ్ళి వీడియో, అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. అరవై ఫోన్లు, ఒకటే గాలి దారి.

సమ్మమ్మ మాత్రం భివండిలో ఉండే కూతురు వినోదకు వీడియో కాల్ కలిపి షెడ్డు గుమ్మంలో కూర్చుంది. వినోద అక్కడ బట్టల మిల్లులో పనిచేస్తుంది. ఈ పిలుపు మామూలుగా అయితే రెండు నిమిషాలకోసారి ఆగి, వినోద నోరు తెరిచి బొమ్మలా నిలబడిపోతుంది. ఇవాళ ఆ పిలుపును కూడా హుమేరా తన పద్ధతి మీదికే మార్చింది. చంద్రమౌళి స్టూలు జరుపుకుని సరిగ్గా సమ్మమ్మ పక్కనే కూర్చున్నాడు. "మీ పిలుపు ఆగితే నాకు చెప్పండి" అన్నాడు.

హుమేరా మీట నొక్కింది. ఫైలు కదిలింది. వేగం చూపే గీత నిటారుగా పైకి లేచింది. ఇంకా లేచింది. తగ్గడం లేదు. తగ్గవే, తగ్గు, అని మనసులోనే బతిమాలింది. ఆరేళ్ళుగా వేగం పెంచడానికే చచ్చీచెడీ పనిచేసిన మనిషి ఆ క్షణాన వేగం పడిపోవాలని దేవుణ్ణి వేడుకుంది. జవాబులు ఆలస్యం కావడం మొదలైంది. కొంచెం, ఇంకొంచెం. గీత వంగింది. దిగింది. పావుకు దిగి, అరవై మంది మధ్యలో తన వంతు తీసుకుని, అక్కడ బుద్ధిగా నడవసాగింది. పైన చిలప ఊగి ఒక ముక్క పోయింది. గీత చలించలేదు.

ఆమె భయం భయంగా గుమ్మం వైపు చూసింది. అక్కడ సమ్మమ్మ ఫోనును ఇటూ అటూ తిప్పి కూతురికి షెడ్డు చూపిస్తోంది. ఫోనులోంచి వినోద గొంతు ఖంగుమని వినిపించింది.

"అమ్మా, నీ పక్కన గా సారెవలే? ముక్కు మీద ఎర్రగ ఏందది? దెబ్బ తాకిందా?"

చంద్రమౌళి ముక్కు తడుముకున్నాడు. చిలపల కింద వంగి నడిచినప్పుడు పడిన చుక్క. చేతి రుమాలుతో తుడిస్తే బుగ్గదాకా పాకింది.

"దెబ్బ గాదే, మన రంగే. నూలు కిందికెల్లి పోయిండు సారు."

"మన రంగా? దగ్గరికి వెట్టు సూద్దాం." సమ్మమ్మ ఫోనును తీసుకెళ్ళి ఏకంగా ప్రొఫెసర్ ముక్కు ముందు పెట్టింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. "ఏందే అమ్మా గిది? ఇది సగం పట్టిన ఎరుపు. గీ మెరుపు జూడు, నీళ్ళోలె ఉన్నది. ఇంకో గంటన్న కాగుల ఉండాలె గద! పచ్చి నూలు తీసి ఆరేసినవా? నీకేమన్న పెయిల మంచిగలేదా?"

సమ్మమ్మ తల దించుకుని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టబోయింది. "సప్పుడు జెయ్యకే. ఎరికయ్యే తీసిన. ఈ పిల్ల చదువు ఆగిపోతదంటే ఏం జెయ్యాలె? మల్ల ముంచుకుంట, ఏం బోయింది."

నలభై ఏళ్ళలో ఒక్క చిలప కూడా పచ్చిగా తీయని మనిషి, రంగు కరువైందన్న మాట పడనని ఉత్త నీళ్ళు కూడా ఒప్పుకోని మనిషి, వాడకట్టంతా చూస్తుండగా సగం రంగు నూలు తన మిద్దెకు ఎక్కించింది. హుమేరా కళ్ళ నిండా నీళ్ళు తిరిగి తెర మీది గీత అలుక్కుపోయింది.

చంద్రమౌళి ఫోనులోని వినోదను అడిగాడు. "అమ్మా, నీకు అంత దూరం నుంచి రంగు సగం పట్టిందో పూర్తిగా పట్టిందో తెలిసిపోయిందా?"

"తెల్వకేంది సార్? సాఫ్‌గ కనవడుతాంది. ఇయ్యాల ఒక్కపారి గూడ ఆగలే. రోజు గిట్లనే ఉంటే మా అమ్మను కడుపునిండ సూస్కుందు."

ఆయన సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, రంగంటిన వేళ్ళతోనే సంతకం పెట్టాడు. సంతకం పక్కన ఎర్రటి బొటనవేలి గుర్తు కూడా పడింది. "దీనికన్నా గట్టి కొలత నా దగ్గర లేదు. థీసిస్ ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. వెంకట్రాజం ఈలవేశాడు. అరవై ఫోన్లలో సీరియళ్ళు అలా నడుస్తూనే ఉన్నాయి.

ప్రొఫెసర్‌ను ఆటో ఎక్కించి, హుమేరా తిరిగి సందులోకి వచ్చింది. సమ్మమ్మ ఒక్కతే మిద్దె మీది చిలపలు దించి మళ్ళీ కాగు దగ్గరికి మోస్తోంది. హుమేరా కుర్తా చేతులు మోచేతుల పైదాకా మడిచింది.

"నీకెందుకు బిడ్డా, బట్టలు ఖరాబైతయి."

"కానియ్యి పెద్దమ్మా. ఎంతసేపుంచాలో చెప్పు."

ఇద్దరూ కలిసి చిలపలన్నీ వేడి రంగులో ముంచారు. పైకి తీస్తానన్నప్పుడల్లా సమ్మమ్మ వద్దని ఆపింది. సాయంత్రం ఆరింటికి ఆఖరి చిలప పైకి లేచినప్పుడు, ఈసారి సరిగ్గా పట్టిందా అని భివండికి ఫోను కలిపి చూపించారు. వినోద చాలాసేపు కళ్ళు చిట్లించి చూసి, "ఆఁ, ఇగ ఇది మా అమ్మ రంగు" అంది.